తోకసైకిల్, దాని ఫ్రీవీల్: మూడో ఏడు వాడుతున్న ఒక నాన్న మాట

మన సైకిల్ సీటు రాడ్డుకు తగిలించి లాక్కెళ్లే సగం సైకిల్ ఇది. ఒకటే చక్రం, పిల్లాడికి సొంత సీటు, హ్యాండిల్, పెడళ్లు. హనుమకొండలో మా గల్లీ పిల్లలు తోకసైకిల్ అంటారు. రంగులూ సైజులూ అమ్మేవాళ్లే చెప్తారు. నాకు మాట్లాడాలని ఉన్నది ఒక్క ఫ్రీవీల్ గురించే, అంటే తొక్కడం ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే భాగం.

మా బాబుకు ఆటిజం, తొమ్మిదేళ్లు. బ్యాలెన్స్ బాగుంది, కాళ్లలో బలం ఉంది, బండ్లంటే భయం మాత్రం లేదు. విడిగా సైకిల్ ఇస్తే మనసుకు తోచిన వైపు పోతాడు, పిలిస్తే ఆగడు. అందుకే ఇది. వాడు తొక్కడం ఆపగానే వెనక చక్రంలో టిక్ టిక్ టిక్ అని మొదలవుతుంది. కుక్కర్ విజిల్‌కు చెవులు మూసుకునే పిల్లాడికి ఆ చప్పుడంటే ప్రాణం. నాలుగు తొక్కులు తొక్కుతాడు, ఆపుతాడు, మెడ వెనక్కి తిప్పి వింటాడు. మళ్లీ నాలుగు తొక్కులు. ఇద్దరు కలిసి తొక్కే టాండెమ్ సైకిళ్లలో చాలావాటికి ఇద్దరి పెడళ్లూ ఒకే చైన్‌కు కలిసి ఉంటాయి, ఒకరు ఆపితే రెండోవారూ ఆపాల్సిందే. దీనిలో వాడి ఫ్రీవీల్ వాడిదే. వాడు వింటూ కూర్చున్నా బండి నడుస్తుంది.

కొన్న కొత్తలో 'పిల్లాడూ తొక్కుతాడు కాబట్టి మనకు బరువే తెలియదు' అని కనిపించిన వాళ్లందరికీ చెప్పాను. మిగతా పిల్లల సంగతి నాకు తెలియదు గానీ, మావాడు వినేదే ఎక్కువ. బరువు నా మోకాళ్లకు బాగానే తెలుస్తోంది.

ఇదంతా ఎందుకంటే, మా చెల్లెలు వాళ్లుండేది అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో. అక్కడినుంచి కంబర్లాండ్ దాకా గ్రేట్ అలెగెనీ ప్యాసేజ్ అని 240 కిలోమీటర్ల సైకిల్ దారి ఉంది, చాలావరకు పట్టాలు తీసేసిన పాత రైలు మార్గమే. మోటారు బండ్లను రానివ్వరు. రైలింజన్ నిటారుగా ఎక్కలేదు కాబట్టి వాలు కూడా రెండు శాతం లోపే. ఎండాకాలం సెలవుల్లో తోకసైకిల్ మీద ఆ దారిలో పోవాలని మా ప్లాన్. మొత్తం మావల్ల కాదు. కాన్‌ఫ్లూయెన్స్ అనే ఊళ్లో మొదలుపెట్టి రాక్‌వుడ్, మేయర్స్‌డేల్, ఫ్రాస్ట్‌బర్గ్‌లలో రాత్రులు ఆగుతూ కంబర్లాండ్ చేరితే దాదాపు వంద కిలోమీటర్లు. రోజుకు ముప్పై దాటదు. మేయర్స్‌డేల్ దాటాక కొంతదూరం ఎక్కితే 2,392 అడుగుల ఎత్తున్న డివైడ్, అంటే వాననీళ్లు రెండు వైపులకు విడిపోయే గట్టు, వస్తుంది, ఆ తర్వాత కంబర్లాండ్ దాకా 38 కిలోమీటర్లూ దిగుడే. అంటే మావాడికి 38 కిలోమీటర్ల టిక్ టిక్.

ఆ దిగుడులోనే బిగ్ సావేజ్ అని ఒక సొరంగం ఉంది. కిలోమీటరు పొడవు, లోపల లైట్లుంటాయి, చలికాలమంతా మూసేస్తారు. ఎండాకాలం సెలవుల్లో పోతాం కాబట్టి మూసివేతతో బాధ లేదు, నా టెన్షన్ అంతా లోపలి ప్రతిధ్వని గురించి. అలవాటు చేద్దామని ఒక ఆదివారం తెల్లవారుజామున, ట్రాఫిక్ లేనప్పుడు, చెవులకు చప్పుడు తగ్గించే మఫ్స్ పెట్టి రైల్వే అండర్ బ్రిడ్జి కిందికి తీసుకెళ్లాను. వీడి టిక్ టిక్ గోడలకు తగిలి రెట్టింపైంది. మఫ్స్ తీసి మెడలో వేసుకుని, "డాడీ, మళ్లా" అన్నాడు. అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాం, చాయ్ బండి ఆయన ఏమన్నా పోయిందా సార్ అని అడిగేదాకా.

ప్రాక్టీస్ అంతా చింతగట్టు వైపు ఎస్సారెస్పీ కాకతీయ కాలువ కట్ట మీద. కాలువకు వాలు ఇంకా తక్కువ, అందుకే రైలు దారికి దగ్గరగా ఉండేది మనకు అదే. నీళ్ల వైపు అడ్డేమీ ఉండదు, కాబట్టి బండి దిగిన క్షణం నుంచి వాడి చెయ్యి నా చేతిలో ఉండాల్సిందే.

అసలు చెడింది ఆ కట్ట మీదే. సర్వీసింగ్‌కిస్తే మెకానిక్ అన్న ప్రేమగా ఫ్రీవీల్ విప్పి నిండా గ్రీజు కూరాడు. "ఇగ సప్పుడు రాదు సార్, మక్ఖన్ లెక్క తిరుగుతది" అన్నాడు. నేను కూడా సంతోషంగా డబ్బులిచ్చి వచ్చాను. మర్నాడు పొద్దున ఊరు దాటి చాలా దూరం పోయాక మావాడు తొక్కడం ఆపాడు. చప్పుడు లేదు. మళ్లీ తొక్కి ఆపాడు. "టిక్ లేదు" అన్నాడు. దిగిపోయి కట్ట మీద కూర్చుని, పెడల్ చేత్తో వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు. తిప్పుతాడు, చెవి ఆనిస్తాడు, నా వైపు చూస్తాడు. తర్వాత ఏడుపు, తల కొట్టుకోవడం. బిస్కెట్లు, ఫోను, రైలు వీడియో, ఏవీ పనిచేయలేదు. చివరికి సైకిల్‌ను అక్కడి పంపు షెడ్డులో పెట్టి, ట్రాలీ ఆటోలో ఇంటికొచ్చాం. తర్వాత చాలా రోజులు దాని దగ్గరికే రాలేదు.

ఫ్రీవీల్ లోపల పళ్లుంటాయి, వాటి మీద స్ప్రింగుతో లేచి పడే చిన్న నాలుకలుంటాయి. గ్రీజు చిక్కబడితే నాలుకలు గట్టిగా పడవు, చప్పుడు చచ్చిపోతుంది. ఒక్కోసారి పట్టు కూడా జారుతుంది. కిరోసిన్‌లో నానబెట్టి, ఆరబెట్టి, మిషన్ ఆయిల్ రెండు చుక్కలు వేశాక పాత గొంతు తిరిగొచ్చింది. వాడిని పిలవలేదు, వరండాలో చక్రం తిప్పి వదిలేశాను. వాడే వచ్చాడు.

నా సైకిల్‌కు దీన్ని తగిలించే చోటున్న కప్లింగ్ బుష్ అరిగి బండి ఒక పక్కకు ఒరిగితే లేత్ షాపులో కొత్తది చేయించాను. అది పెద్ద కథ కాదు.

అమెరికాలో అద్దెకు తీసుకుంటే సరిపోతుంది కదా అంది మా చెల్లెలు. దుకాణానికి వెళ్లి అక్కడి దాని చక్రం తిప్పి వాట్సాప్‌లో చప్పుడు పంపింది కూడా. మావాడు కాసేపు విని ఫోన్ నా చేతిలో పెట్టేశాడు. కాబట్టి మాదే విప్పి అట్టపెట్టెలో తీసుకెళ్తున్నాం.

కొనొచ్చా అంటే, మీ పిల్లాడిని బట్టి. హ్యాండిల్ గట్టిగా పట్టుకుని నిటారుగా కూర్చోగలిగితేనే. ఫిట్స్ వచ్చే పిల్లలకు, నడుము నిలవని పిల్లలకు వీపు ఆనించి బెల్టు వేసే బండి కావాలి, ఇది కాదు. మా దానికి బరువు హద్దు 38 కిలోలు, వాడు ఇప్పటికే 31 దాటాడు. వచ్చే ఎండాకాలం దాటితే మాకు ఇది పనికొస్తుందో లేదో చెప్పలేను. కొనేముందు మాత్రం చక్రం ఒకసారి తిప్పి మీ పిల్లాడికి వినిపించండి. సర్వీసింగ్‌కిచ్చేటప్పుడు ఫ్రీవీల్ ముట్టుకోవద్దని ముందే చెప్పండి.