మొదటి పాటరీ క్లాసు: సారె మీదా, చేత్తోనా?

ఒక్క పూట క్లాసుకు వచ్చేవాళ్లు ఎక్కువగా సారెనే (కుమ్మరి చక్రాన్నే) అడుగుతారు. ఆ ఒక్క పూటలో చేసింది, కాల్చాక వాడుకోదగ్గ కప్పు కావాలంటే మాత్రం చేత్తో చేసే పద్ధతే మేలు.

సారెకు అర కిలో మట్టి చాలు. గాలి బుడగలు పోయేలా మర్దించి, సారె నడుమ గట్టిగా కొట్టి అతికించాలి. అసలు కష్టం ముద్దను నడిమికి తేవడంలోనే ఉంది. మోచేతులు తొడలకు ఆనించి ఒత్తండి. ముద్ద ఊగడం ఆగకముందే బొటనవేలు దించితే గోడ ఒకవైపు మందంగా, ఒకవైపు పలచగా లేచి, పైకి లాగేటప్పుడు తెగుతుంది. చెయ్యి మట్టికి పట్టేస్తోందని నీళ్లు పోస్తూ పోతే గోడ మెత్తబడి కూలుతుంది. లోపల నిలిచిన నీటిని స్పాంజితో తీసేస్తూ ఉండాలి. ఇదంతా చేతికి రావడానికి వారాలు పడుతుంది, అది మామూలే.

చేత్తో చేసేటప్పుడు మట్టికి రెండు పక్కలా 6 మిల్లీమీటర్ల చెక్క బద్దలు పెట్టి అప్పడాల కర్రతో ఒత్తితే పలక సమంగా వస్తుంది. ఆ పలకను చుట్టి కప్పు చేసేటప్పుడు ప్రమాదం అతుకుల దగ్గర. రెండు అంచులకూ గాట్లు పెట్టి, మట్టి జావ పూసి నొక్కాలి. కప్పు సగం ఆరాక తడి పిడి అతికిస్తే, పిడి ఎక్కువ కుంచించుకుని ఊడిపోతుంది. పాలిథిన్ కప్పి మెల్లగా ఆరనివ్వండి.

ఏ పద్ధతైనా తడి మిగిలిన వస్తువు బట్టీలో ఆవిరికి పగిలిపోతుంది. ఫీజులో మొదటి కాల్పు, గ్లేజు (గాజులాంటి పూత), రెండో కాల్పు కలిసి ఉన్నాయో లేదో చేరేముందే అడగండి.