నాట్స్ అప్రెంటిస్‌షిప్: శ్రీకాకుళం, విజయనగరం పిల్లలకు ఎంతవరకు పనికొస్తుంది?

ముందే చెప్పేస్తాం. నాట్స్ అంటే నేషనల్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ స్కీమ్, స్టైపెండ్ ఇస్తూ కంపెనీల్లో పని నేర్పే కేంద్ర ప్రభుత్వ పథకం. మెకానికల్, ఎలక్ట్రికల్, కెమికల్ బ్రాంచీల వాళ్లకు ఇది ఒక ఏడాది పెట్టదగిన పథకమే. డబ్బు కోసం కాదు, యంత్రం మీద చెయ్యి పడడం కోసం. సీటు, అంటే ఏ కంపెనీలో ఏ సెక్షన్ అన్నది, ఎంచుకోవడంలో పొరపాటు జరిగితే మాత్రం ఏడాదంతా రిజిస్టర్లు నింపడంతోనే గడిచిపోతుంది.

2019లో సవరించిన నిబంధనల్లో నెలకు కనీస స్టైపెండ్ బీటెక్ వాళ్లకు 9,000, డిప్లొమా వాళ్లకు 8,000 రూపాయలుగా పెట్టారు. నాట్స్‌లో ఈ కనీస మొత్తంలో సగం కేంద్ర ప్రభుత్వానిది. గాజువాకలో గది, మెస్సు తీసేస్తే ఇందులో మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. అందుకే రణస్థలం, లావేరు, ఎచ్చెర్ల వైపు వాళ్లు ముందు పైడిభీమవరం ఫార్మా ప్లాంట్లలో చూసుకోవాలి. ఇంట్లో తిని వెళ్లొచ్చు. విజయనగరం నుంచి విశాఖకి రైలు సీజన్ టికెట్ మీద అప్ అండ్ డౌన్ చేయొచ్చు గానీ, షిఫ్టు టైమింగులు అడక్కుండా ఒప్పుకోకండి.

చదువుతూనే చేయాలంటే మీ కాలేజీ అప్రెంటిస్‌షిప్‌తో కూడిన డిగ్రీ కోర్సు నడుపుతూ ఉండాలి. మామూలు బీటెక్ ఆఖరి సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ వేరు, ఇది వేరు. పాలిటెక్నిక్ పిల్లలకు ఇంకో దారి ఉంది: డిప్లొమా అయ్యాక ఒక ఏడాది నాట్స్ చేసి, తర్వాత డిప్లొమా వాళ్లకు పెట్టే ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరడం. పంపు విప్పి చూసినవాడికి ఫ్లూయిడ్ మెకానిక్స్ క్లాసులో పాఠం వేరేగా అర్థమవుతుంది. పాసయ్యాక ఏడాది, అంతకు మించి ఉద్యోగం చేసినవాళ్లకు మాత్రం నాట్స్‌కి అర్హత ఉండదు.

నాట్స్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ ఉచితం. ఎవరైనా ఫీజు అడిగితే ఇవ్వొద్దు. మన దగ్గర పని ఎక్కువగా చెడేది పేరు దగ్గరే. టెన్త్ మెమోలో ‘గొర్లె’ అని ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ‘జి’ అని పొడి అక్షరమే ఉంటుంది. ముందు ఆధార్ సరిచేయించుకుని, ఆ తర్వాతే రిజిస్టర్ చేసుకోండి. రెండో చిక్కు బ్యాంకు ఖాతా. ఆధార్ నంబరు ఖాతాకి లింకైతే చాలదు, సీడింగ్ కూడా అవ్వాలి. అంటే ఆధార్ మీద వచ్చే ప్రభుత్వ డబ్బు ఆ ఖాతాకే చేరేలా బ్యాంకు నమోదు చేయాలి. ప్రభుత్వ వాటా సీడింగ్ అయిన ఖాతాలోకే వస్తుంది. ఆధార్ వెబ్‌సైట్లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ తెరిస్తే ఏ బ్యాంకో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. చిన్నప్పటి స్కాలర్‌షిప్ ఖాతా కనిపించిందంటే, డబ్బు అందులోకి పోతోందన్నమాట.

కంపెనీ ఇంటర్వ్యూలో మూడు విషయాలు అడగండి: ఏ సెక్షన్, ఎవరి కింద, ఎన్ని నెలలకోసారి సెక్షన్ మారుస్తారు. ‘మెయింటెనెన్స్’ అంటే మంచిది. ‘డాక్యుమెంటేషన్’ అని మాత్రమే చెబితే ఇంకో చోటు వెతకండి.

మంచి సీటులో ఏం నేర్చుకుంటారో ఒక్క బేరింగ్‌తో చెప్పొచ్చు. సెంట్రిఫ్యూగల్ పంపులో 6205 బేరింగ్ ఎక్కించాలనుకుందాం: లోపలి వ్యాసం 25, బయటి వ్యాసం 52, వెడల్పు 15 మిల్లీమీటర్లు. షాఫ్టు మీద బిగుతుగా ఎక్కేది లోపలి రింగు కాబట్టి నొక్కాల్సింది కూడా దాన్నే. బయటి రింగు మీద సుత్తితో కొడితే ఆ దెబ్బ బాల్స్ మీదుగా వెళ్లి రేసులో, అంటే బాల్స్ దొర్లే గాడిలో, సన్నని గుంటలు పడతాయి. పంపు ఆన్ చేశాక మోత మొదలవుతుంది, బేరింగ్ తొందరగా పాడవుతుంది. ఇది పుస్తకంలో ఒక వాక్యమే. పక్కన నిలబడి మోత విన్నవాళ్లు ఎప్పటికీ మర్చిపోరు.

మంత్లీ రికార్డులో ‘పంపు రిపేరు’ అని రాయొద్దు. బేరింగ్ నంబరు, పాడవడానికి కారణం, అలైన్‌మెంట్ రీడింగు (పంపు, మోటారు షాఫ్టులు ఒకే గీతలో ఉన్నాయో లేదో కొలిచిన లెక్క) రాయండి. తర్వాత ఉద్యోగం ఇంటర్వ్యూలో అడిగేవి ఇవే.

అప్రెంటిస్ చట్టప్రకారం ట్రెయినీ, ఉద్యోగి కాదు. అందుకే పీఎఫ్ ఉండదు, ఏడాది తర్వాత ఉద్యోగం ఇవ్వాలన్న బాధ్యత కంపెనీకి ఉండదు. పోర్టల్‌లో కాంట్రాక్టు రిజిస్టర్ కాకుండా పనిలో చేరితే మీరు అసలు అప్రెంటిసే కారు. సర్టిఫికెట్ కూడా రాదు. మొదటి వారంలోనే లాగిన్ అయ్యి కాంట్రాక్టు ఉందో లేదో, అందులో తేదీలు, స్టైపెండ్ సరిగా ఉన్నాయో లేదో చూసి, ఒక కాపీ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.