ఇంఫొలోజి అడవిలో రేగు ముల్లు

అమ్మ పోయాక ఎనిమిది నెలలు నాకు సరైన నిద్ర లేదు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేసేది. ఇక తెల్లారేదాకా ఫ్యాను వంక చూస్తూ పడుకోవడమే. మాత్రలు వాడాను, కౌన్సెలింగ్‌కి వెళ్లాను, కొంత మేలు చేశాయి. "అక్కా, ఫోన్ పనిచెయ్యని చోటికి పోదాం పద" అన్నాడు తమ్ముడు. అలా నిరుడు జులైలో దుబాయ్ మీదుగా దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో దిగాం.

మేం వెళ్లాల్సింది హ్లుహ్లువె-ఇంఫొలోజి అనే అడవి పార్కుకి. డర్బన్ నుంచి ఉత్తరంగా ఎన్2 హైవే మీద మూడున్నర గంటల ప్రయాణం. అక్కడా మనలాగే ఎడమ పక్కన నడపాలి కాబట్టి తమ్ముడికి ఇబ్బంది కాలేదు. బయల్దేరే ముందు డర్బన్‌లోనే బియ్యం, కందిపప్పు, కారం కొనుక్కున్నాం. 1860లో మద్రాసు నుంచి మొదటి ఓడ వచ్చినప్పటి నుంచీ మనవాళ్లున్న ఊరు, దొరకనిది లేదు.

మొదటి రెండు రాత్రులు పార్కు బయట ఒక ప్రైవేటు లాడ్జిలో ఉన్నాం. ప్రకృతి ఒడిలో మనసుకి చికిత్స అని ప్రకటనలో రాసుకున్నారు. గది బాగుంది, తిండి బాగుంది, మసాజ్ కూడా ఉంది. కానీ సింహం కనబడిందని రేడియోలో కబురు రాగానే జీపు దుమ్ము రేపుకుంటూ పరుగు. వెళ్లేసరికి అక్కడ అప్పటికే నాలుగు జీపులు. ఎవరూ ఇంజిన్ ఆపలేదు. మధ్యలో ఆ సింహం కళ్లు మూసుకుని పడుకుని ఉంది. ఆస్పత్రిలో అమ్మ మంచం చుట్టూ మేమంతా నిలబడిన తీరు గుర్తొచ్చి నాకు ఏడుపొచ్చింది. మా ఖర్చులో సగం ఆ రెండు రాత్రులకే అయింది. మళ్లీ వెళితే ఆ డబ్బు అక్కడ పెట్టను.

హ్లుహ్లువె-ఇంఫొలోజి పార్కు సంగతి వేరు. 1895 నుంచి రక్షిత అడవి, సుమారు 960 చదరపు కిలోమీటర్లు. ఉత్తరాన కొండ మీద హిల్‌టాప్ క్యాంపు ఉంది. రెస్టారెంటు, మంచి గదులు, మెట్ల దగ్గరే కోతులు. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి అదే నయం. మాకు దక్షిణాన ఉన్న ఎంపిలా క్యాంపు నచ్చింది. అక్కడ హోటల్ లేదు, వంట మనమే చేసుకోవాలి. క్యాంపు చుట్టూ కంచె కూడా లేదు. మేం పప్పన్నం తింటుంటే దీపం వెలుగు అంచున ఒక హైనా వచ్చి నిలబడి, వాసన చూసి, తనకి పనికొచ్చేది కాదని తెలుసుకుని వెళ్లిపోయింది.

అసలు మేం వెళ్లింది కాలినడక కోసం. ఇంఫొలోజిలో రోడ్లూ భవనాలూ లేకుండా వదిలేసిన భాగం ఒకటుంది. ఇయాన్ ప్లేయర్ అనే రేంజరు, ఆయనకి అడవిని నేర్పిన జులూ తెగ పెద్దమనిషి మఖూబు న్టోంబెలా, 1950ల చివర్లో మనుషుల్ని ఇలా నడిపించడం మొదలుపెట్టారు. ఇప్పటికీ అదే పద్ధతి. గుంపుకి ఎనిమిది మందే, ముందు తుపాకులతో ఇద్దరు గైడ్లు. వాచీలు, ఫోన్లు తీసి పెట్టేయాలి. మన సామాను మన వీపు మీదే. టెంటు ఉండదు, ఆకాశం కిందే పడక. కాలకృత్యాలకి ఒక చిన్న పార, అగ్గిపెట్టె ఇస్తారు. ఆడవాళ్లకి ఇబ్బందేమోనని నాకు చాలా టెన్షన్ ఉండేది, మొదటి రోజుకే పోయింది. మేం మాంసం ముట్టమని బుకింగ్‌లోనే చెప్పాం. చిక్కుడు గింజలు, మొక్కజొన్న పిండి ముద్ద, బ్రెడ్ పెట్టారు. కొన్ని నెలల ముందే బుక్ చేసుకోవాలి. మలేరియా మందు గురించి డాక్టర్ని అడిగి వెళ్లండి.

రెండో రోజు పొద్దున గైడు చెయ్యెత్తి ఆగమన్నాడు. బూడిద నింపిన మేజోడు దులిపి గాలి ఎటు పోతోందో చూశాడు. నలభై అడుగుల్లో తెల్ల ఖడ్గమృగం, పక్కన దూడ. గడ్డి పీకుతున్న చప్పుడు కూడా వినబడుతోంది. తల్లి ముక్కు మీద కొమ్ము లేదు, రంపంతో కోసిన చదునైన మోడు ఉంది. 2023లో దేశం మొత్తం మీద 499 ఖడ్గమృగాల్ని దొంగవేటగాళ్లు చంపితే, అందులో 307 ఈ ఒక్క పార్కులోనే. అందుకే మరుసటి ఏడాది నుంచి పార్కువాళ్లే వాటికి మత్తిచ్చి కొమ్ములు కోస్తున్నారు. మన గోళ్లలాగే మళ్లీ పెరుగుతాయట. ఒకప్పుడు వందకి లోపు మిగిలితే, ఈ అడవిలోనే ఆ జాతిని బతికించారు. ఆ తల్లి మోడు ముక్కుతో దూడని నెమ్మదిగా పొదల్లోకి నెట్టుకుంటూ వెళ్లింది. మాలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఆ సాయంత్రం నా చొక్కా ఒక ముళ్లకొమ్మకి తగులుకుంది. గైడు నవ్వి, విడిపించి చూపించాడు. కణుపు దగ్గర రెండు ముళ్లు. ఒకటి నిటారుగా, రెండోది వెనక్కి వంగి. ఒకటి పోవాల్సిన దారి, ఒకటి వచ్చిన దారి అంటారట. జులూ భాషలో దాని పేరు ఉమ్లాహ్లాంకోసి. మన రేగుకి సొంత చుట్టం. ఎవరైనా ఇంటికి దూరంగా చనిపోతే, బంధువులు ఈ కొమ్మ పట్టుకుని ఆ చోటికి వెళ్లి, పేరు పెట్టి పిలిచి, "ఇంటికి పోదాం రా" అని చెబుతారు. దారిలో కొమ్మ పట్టుకున్నవాళ్లు ఇంకెవరితోనూ మాట్లాడరు. బస్సెక్కితే పోయినవాళ్లకి కూడా టికెట్ తీసుకుంటారు. మా అమ్మ తెనాలిలో మా పెరటి రేగుపళ్లే భోగినాడు మా ఇద్దరి తలల మీద పోసేది. ఆమె పోయింది మాత్రం గుంటూరు ఆస్పత్రిలో, ఐసీయూలో.

రాత్రుళ్లు కాపలా వంతులవారీగా. ఒక్కొక్కరికీ గంటన్నర. మంట చిన్నగా ఆరిపోకుండా చూడాలి, టార్చి చుట్టూ తిప్పాలి, కళ్లు మెరిస్తే గైడుని లేపాలి. "అక్కా, నీ వంతు" అని తమ్ముడు భుజం తట్టి లేపేవాడు. చుక్కల్ని బట్టి చూస్తే అదే రాత్రి రెండింటి వేళ. ఇంట్లో నన్ను పీక్కుతినే గంట. ఇక్కడ ఏడుగురు నన్ను నమ్ముకుని పడుకున్నారు. నది అవతల సింహం గర్జన, పుల్లల చిటపట, అంతే. నా వంతు అయ్యాక పక్కవాళ్లని లేపి పడుకుంటే ఎండ మొహం మీద పడేదాకా తెలిసేది కాదు. నాలుగు రాత్రులూ అంతే.

తిరుగు దారిలో సెయింట్ లూసియాలో పడవెక్కి నీటిగుర్రాల్ని చూశాం. రెండు గంటలు హాయిగా గడిచింది, టైముంటే ఆగండి.

ఆ అడవిలోంచి ఆకు కూడా తేకూడదు, తేలేదు. ఇంటికొచ్చిన వారానికి తమ్ముడు పెరటి రేగుకొమ్మ ఒకటి కోసుకుని గుంటూరు వచ్చాడు. దానికీ ముళ్లు రెండేసి, ఒకటి నిటారుగా, ఒకటి వంగి. ఆస్పత్రి గేటు దగ్గర నిలబడి అమ్మని పిలిచాం. స్టేషన్లో తెనాలికి మూడు టికెట్లు తీసుకున్నాం. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంచాం.