ఐదేళ్లుగా వీపు పట్టు, చోక్: నా అనుభవం

నా బరువు 56 కిలోలు. మా క్లాసులో చాలామంది 80కి పైనే. కుస్తీలా పట్లు పట్టి లొంగదీసే బ్రెజిలియన్ జియు-జిట్సు మొదలుపెట్టి ఐదేళ్లయింది, తెల్ల బెల్ట్ తర్వాత వచ్చే బ్లూ బెల్ట్ దాకా వచ్చాను. ఈ ఐదేళ్లలో నన్ను నిలబెట్టింది వీపు పట్టే, అంటే అవతలివాళ్ల వెనక చేరి పట్టుకోవడం. వెనక చేరితే అవతలివాళ్ల బరువు నా మీద పడదు, వాళ్ల చేతులు నా దాకా సరిగా రావు. 1993లో మొదటి యూఎఫ్‌సీ (రకరకాల యుద్ధకళలవాళ్లు తలపడే పోటీ) ఫైనల్లో జియు-జిట్సు ఆటగాడు రాయిస్ గ్రేసీ గెలిచింది వెనకనుంచి వేసిన చోక్‌తోనే, అంటే మెడ నొక్కే పట్టుతోనే. బ్రెజిల్‌లో దాన్ని మాతా లెయావ్ అంటారు, సింహాన్ని చంపేది అని.

మొదటి ఏడాదంతా తప్పుగానే చేశాను. వీపు దొరకడం ఆలస్యం, చెయ్యి గొంతు మీదికి పోయేది. వాళ్లు గడ్డం దించి నా మణికట్టు లాగేసేవారు. ముంజేతులు మండిపోయేవి, చోక్ పడేది కాదు.

తర్వాత కోచ్ ఒక నెలపాటు చోక్ వెయ్యనివ్వలేదు. వీపు మీదనుంచే రౌండ్ మొదలు, జారకుండా ఉండటమే పని. ఒక చెయ్యి భుజం మీదుగా, ఒకటి చంక కిందుగా వేసి ఛాతీ దగ్గర కలిపే సీట్ బెల్ట్ పట్టు విలువ అప్పుడు తెలిసింది. హుక్ (వాళ్ల తొడల లోపల తగిలించిన నా పాదం) జారినా మళ్లీ పెట్టుకోవచ్చు, ఛాతీకీ వీపుకీ మధ్య సందు ఇస్తే మాత్రం పోయినట్టే. పక్కకి ఒరిగితే పై చెయ్యి వైపే ఒరగాలి. పాదాలు మెలేయకూడదు, నేను మెలేసి చీలమండ లాక్‌కి చాలాసార్లు ట్యాప్ చేశాను, అంటే చేత్తో తట్టి ఓటమి ఒప్పుకున్నాను.

అసలు పని చేతుల పోరు. కింది చేత్తో వాళ్ల మణికట్టు పట్టి కిందికి నెట్టి, కాలితో తొక్కిపెడితే గొంతు కాచేందుకు ఒక్క చెయ్యే మిగులుతుంది. మోచెయ్యి గడ్డం కిందికి వచ్చాక బలం అక్కర్లేదు. మెడ రెండు పక్కలా రక్తనాళాలు నొక్కుకుంటాయి, సరిగ్గా పడితే పది సెకన్లలోపే స్పృహ పోవచ్చు. ఒకసారి మొండికేసి ట్యాప్ ఆలస్యం చేసి నేనే స్పృహ తప్పాను. కళ్లు తెరిచేసరికి మా పార్ట్‌నర్ నా కాళ్లు పైకెత్తి పట్టుకుని ఉంది. ఆ రోజునుంచి చెయ్యి సరిగ్గా కుదిరిందనిపించగానే ట్యాప్ చేస్తున్నాను, కొత్తవాళ్లకీ అదే చెబుతున్నాను.

గీ (జియు-జిట్సు కోటు) ఉంటే నాకు కాలర్ లాగి వేసే బో అండ్ యారో చోక్ ఇంకా నచ్చుతుంది, కాలర్ దొరికితే బరువు తేడా బాగా తగ్గిపోతుంది. వేళ్ల కణుపులు మాత్రం పొద్దున్నే బిగుసుకుపోతున్నాయి. నడుం చుట్టూ కాళ్లు వేసి బిగించే బాడీ ట్రయాంగిల్ నా పొట్టి కాళ్లకి పెద్ద నడుముల మీద అందదు. 90 కిలోల వాళ్లు కింది చెయ్యి వైపు తిరిగి భుజాలు నేలకి ఆనిస్తే ఇప్పటికీ ఆపలేకపోతున్నాను. ఈ నెలంతా ఆ ఒక్క దానిమీదే పనిచేస్తున్నాను.