సూది బాగానే గుచ్చారు, బరువెంతో మాత్రం అడగలేదు (3/5)

మగవాళ్ళ హెల్త్ చెకప్ ప్యాకేజీ అని ఒక ల్యాబ్ వాళ్ళ దగ్గర రెండేళ్ళ తేడాతో రెండుసార్లు చేయించుకున్నా, పేరు చెప్పను. రక్తం తీసిన అబ్బాయి చెయ్యి భలే తేలిక, మాటల్లో పెట్టి తీసేశాడు, రిపోర్టు సాయంత్రానికల్లా ఫోన్‌కి వచ్చేసింది. అక్కడిదాకా వంక పెట్టడానికి లేదు.

గొడవంతా పీఎస్‌ఏ దగ్గరే, అంటే మగవాళ్ళకి మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి నుంచి రక్తంలోకి వచ్చే ప్రోటీన్, ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానం ఉందేమో చూడ్డానికి దీన్ని కొలుస్తారు. మొదటిసారి నేను 104 కిలోలు, 2.1 వచ్చింది, 4 లోపేగా అని పచ్చరంగేసి నార్మల్ అన్నారు. ఈసారికి నానా తంటాలు పడి 86కి దిగా, తీరా చూస్తే 2.7! సన్నబడ్డాక ఇది పెరగడమేంట్రా అని గుండె జారిపోయింది. ప్యాకేజీలో ఫ్రీగా వచ్చే డాక్టర్ కాల్‌లో "నార్మలే సర్, నాలుగు దాటలేదుగా" అని రెండు నిమిషాల్లో పెట్టేశారు.

తర్వాత యూరాలజిస్టు దగ్గరికెళ్తే ఆయన రిపోర్టు వెనక్కి తిప్పి లెక్కేసి చూపించాడు. లావుగా ఉన్నోళ్ళకి రక్తంలో ప్లాస్మా, అదే నీళ్ళలాంటి భాగం, ఎక్కువంట, ప్రోస్టేట్ నుంచి వచ్చే పీఎస్‌ఏ అంతే ఉన్నా అందులో పలచబడిపోతుంది, 12 మైక్రోగ్రాములు 3 లీటర్లలో కలిస్తే 4 చూపిస్తుంది, 4 లీటర్లలో కలిస్తే 3 చూపిస్తుంది, చెంచాడు ఉప్పు చెంబులో వేసినదానికీ బిందెలో వేసినదానికీ ఉన్న తేడా అన్నమాట. పైగా లావుంటే టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ తగ్గుతుంది, అది కూడా పీఎస్‌ఏని కిందికి లాగొచ్చు. అంటే నా పాత 2.1 ఉన్నదానికంటే తక్కువ చూపించి ఉండొచ్చు. డాక్టర్ మలద్వారంలోంచి ప్రోస్టేట్‌ని వేలితో తడిమి చూసే పరీక్ష కూడా భారీ ఒళ్ళుంటే సరిగ్గా అందదంట. ఇంకో పక్క ఊబకాయం ఉన్నోళ్ళకే ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పు ఎక్కువ, ఇదెక్కడి న్యాయమో.

అలాగని పెరిగిందంతా బరువు తగ్గడం వల్లే అని వదిలెయ్యొద్దన్నాడు. ఆరోజు పొద్దున్నే గంటసేపు సైకిల్ తొక్కి మరీ వెళ్ళా నేను (బరువు తగ్గింది దాని పుణ్యానే కదా), సీటు ఒత్తిడికి కూడా కొందరికి పెరగొచ్చంట, ముందురోజు వీర్యం పోయినా, యూరిన్ ఇన్ఫెక్షన్ ఉన్నా అంతే. ప్రోస్టేట్ ఉబ్బుకి ఇచ్చే ఫినాస్టెరైడ్ బిళ్ళలు వాడేవాళ్ళకైతే ఇంచుమించు సగానికి పడిపోతుంది, జుట్టు కోసం వేసుకునేవాళ్ళూ ఇది చెప్పాలి. ల్యాబ్ వాళ్ళు ఇవేవీ అడగలేదు, అడిగిందల్లా ఫాస్టింగా కాదా అని, పీఎస్‌ఏకి ఫాస్టింగుతో పనే లేదు!

ఆరు వారాలాగి, రెండ్రోజులు సైకిల్ ముట్టకుండా మళ్ళీ ఇస్తే 2.5 వచ్చింది. ఇప్పటికి బయాప్సీ అక్కర్లేదు, ఏడాదికి చూద్దాం అని మూడు రిపోర్టుల మీదా అప్పటి నా బరువు పెన్నుతో రాసిచ్చాడాయన. ల్యాబ్ యాప్‌లో కంప్లైంట్ పెడితే "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని వచ్చింది. ఫారంలో బరువుకో గడి, వాడే మందులకో గడి పెట్టండి బాబూ, మిగతా రెండు స్టార్లూ అప్పుడే ఇస్తా.