డిజిటల్ బ్యాక్ కోసం రెండు స్టూడియోలు తిరిగొచ్చాను

నా దగ్గర హాసెల్‌బ్లాడ్ 500సి/ఎమ్ కెమెరా ఉంది. ఇన్నాళ్లూ ఫిల్మ్ మీదే తీశాను. ఇప్పుడు స్టూడియో పనికి డిజిటల్ బ్యాక్ కావాలి, అంటే ఫిల్మ్ డబ్బా స్థానంలో కెమెరా వెనక తగిలించే సెన్సర్ పెట్టె. చేత్తో పట్టి చూడకుండా తేలే విషయం కాదు కాబట్టి, అద్దెకిచ్చే రెండు స్టూడియోలకు బయల్దేరాను. నా కెమెరా, ల్యాప్‌టాప్‌తో పాటు రోజూ తీసే నేత బట్ట, గాజు సీసా, చేతి గడియారం కూడా సర్దుకున్నాను.

మొదటి స్టూడియో విశాలంగా ఉంది, ఫ్లాష్‌లు మంచివి. ఫేజ్ వన్ కంపెనీ 150 మెగాపిక్సెళ్ల బ్యాక్ ఐక్యూ4 150ని, వాళ్లదే ఎక్స్‌ఎఫ్ కెమెరా బాడీ మీద అక్కడే చూశాను. గడియారం ముల్లు మీద సన్నటి గీతలు తెర మీద కనిపిస్తుంటే చూపు తిప్పుకోలేకపోయాను. కానీ నా ల్యాప్‌టాప్‌కి కేబుల్ పెట్టనివ్వలేదు, రా ఫైళ్లూ (సెన్సర్ నుంచి వచ్చిన అసలు ఫైళ్లు) ఇవ్వలేదు. ఇలాంటి చోట ఏదీ నిర్ణయించుకోలేం. పక్కనే దిగిన గది శుభ్రంగానే ఉంది గానీ బల్ల లేదు.

రెండో స్టూడియో చిన్నది. అక్కడి టెక్నీషియన్ మొదటే, "ముందు మీ కెమెరాకే తగిలించండి సార్" అన్నారు. హాసెల్‌బ్లాడ్ వాళ్ల 100 మెగాపిక్సెళ్ల బ్యాక్ సీఎఫ్‌వీ 100సి నా పాత బాడీకి కేబుల్ లేకుండానే సరిపోయింది. అయితే మొదటి ఫ్రేములన్నీ మసకగా వచ్చాయి. చాలా టెన్షన్ పడ్డాను. గ్రౌండ్ గ్లాస్ (కెమెరా పైన చూసే గరుకు గాజు తెర) మీద ఫోకస్ బాగుందనిపించినా 100 మెగాపిక్సెళ్లకు అది చాలదు. లెన్స్‌ను బి (నొక్కినంతసేపు షట్టర్ తెరిచి ఉండే సెట్టింగ్) మీద పెట్టి, కేబుల్ రిలీజ్‌తో షట్టర్ తెరిచి ఉంచి, లైవ్ వ్యూలో, అంటే బ్యాక్ తెర మీద కనిపించే దృశ్యాన్ని పెద్దది చేసి ఫోకస్ సరిచూసుకోవాలని ఆయనే ఓపిగ్గా చూపించారు. ఆ తర్వాత తీసినవి అద్భుతం. 50 మెగాపిక్సెళ్ల బ్యాక్‌లతో నేత బట్ట మీద కనిపించే రంగు చారలు ఇందులో దాదాపు పోయాయి.

ఆ రాత్రి బస కాస్త దూరమైనా పెద్ద బల్ల ఉంది, కర్టెన్ వేస్తే పూర్తి చీకటి. ఫైళ్లు చూసుకోవడానికి అంతకన్నా ఏం కావాలి! అక్కడే లెక్క వేశాను. రెండు బ్యాక్‌లలోనూ పిక్సెల్ సైజు 3.76 మైక్రాన్లే. 150లో అదనంగా వచ్చేది సెన్సర్ వైశాల్యం: 53.4 బై 40 మిల్లీమీటర్లు. 100సిలో దాదాపు 44 బై 33. 150 ఫైల్‌ను 16 బిట్ టిఫ్ (కుదించని ఇమేజ్ ఫైల్) చేస్తే 900 ఎంబీ దాటుతుంది, 100ది 600 దగ్గర ఆగుతుంది. నా ల్యాప్‌టాప్ దానికే ఆయాసపడింది.

నా ఓటు 100సికే. చిన్న సెన్సర్ వల్ల నా 80 ఎంఎం లెన్స్‌లో కనిపించే దృశ్యం బాగా ఇరుకైపోయింది, అదొక్కటే చిక్కు. వచ్చే నెల అదే చిన్న స్టూడియోకి ఇంకా వెడల్పుగా చూపే 50 ఎంఎం లెన్స్‌తో వెళ్లి చూశాకే కొంటాను.