క్రాకోవ్‌లో రెండు రోజులు: ఏటికి ఇటు, ఏటికి అటు

పోలండ్‌లోని క్రాకోవ్‌లో శనివారం పొద్దున్నే ఉత్సాహంగా వెళ్తే రెము సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) గేటుకి తాళం. యూదులకి శనివారం సబ్బాతు, అంటే విశ్రాంతి దినం అన్నది ఎప్పటి నుంచో తెలిసిన సంగతే, కానీ వార్సాలో రైలు టికెట్ తీసుకుంటున్నప్పుడు బుర్రకి తట్టలేదు. మీరు మాత్రం ఆ గుడి ఉన్న పాత యూదుల పేట కజీమ్యెష్‌కి ఆదివారం వెళ్ళేలా చూసుకోండి.

1495లో క్రాకోవ్ నుంచి వెళ్ళగొట్టిన యూదులు ఈ పేటలోనే స్థిరపడ్డారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు క్రాకోవ్ జనాభాలో దాదాపు నాలుగో వంతు వాళ్ళే. షెరోకా వీధిలో నిలబడితే చాలు, గోల్ఫ్ బండ్ల వాళ్ళు 'గెట్టో, షిండ్లర్, అన్నీ గంటన్నరలో' అంటూ చుట్టుముడతారు (షిండ్లర్ అంటే తన ఫ్యాక్టరీలో పనికి పెట్టుకుని యూదుల్ని కాపాడిన జర్మన్ వ్యాపారి). మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో వెళ్తే సరే, లేకపోతే ఎక్కకండి. ఎందుకంటే ఇక్కడ చూడాల్సింది ఆ దూరాన్నే. 1941 మార్చిలో నాజీలు యూదుల్ని ఇళ్ళు ఖాళీ చేయించి, విస్తులా నదికి అవతల పోద్గూజె పేటలో గెట్టోకి, అంటే యూదుల్ని బంధించి ఉంచిన వాడకి తోలారు. మంచాలు, మూటలు బళ్ళ మీద వేసుకుని నది దాటారు. ఇప్పుడు మనం దాటే బెర్నాటెక్ నడక వంతెన 2010లో కట్టింది, దాని మీద ప్రేమికులు తాళాలు వేసుకుంటారు. కానీ నది అదే. షెరోకా నుంచి గెట్టో చౌక్ దాకా ఇరవై నిమిషాలు కూడా నడిచి ఉండను, అంత దగ్గర. మూడు వేల మంది ఉండే చోట 15 వేలకు పైగా మనుషుల్ని కుక్కి, చుట్టూ గోడ కట్టారు.

ఆ చౌక్‌లో ఒక తెలివితక్కువ పని చేశాను. కాళ్ళు లాగుతుంటే ట్రామ్ స్టాపు పక్కన ఖాళీగా ఉన్న ఇనుప కుర్చీలో కూలబడి నీళ్ళు తాగాను. తల ఎత్తి చూస్తే చౌక్ నిండా వరసగా అలాంటి ఖాళీ కుర్చీలే, ఇంకా పెద్దవి, 33. అదే స్మారకం! గెట్టో జనాన్ని రైళ్ళెక్కించాక వాళ్ళ సామాన్లు ఇక్కడే చెల్లాచెదురుగా పడి ఉండేవట, ఈ కుర్చీలు వాటికి గుర్తు. గబుక్కున లేచి నిలబడ్డాను. అంచుల్లో ఉన్న చిన్నవి జనం కూర్చోడానికే పెట్టారని తర్వాత తెలిసింది, అయినా మళ్ళీ కూర్చోబుద్ధి కాలేదు.

చౌక్ మూల మీదే 'గద్ద గుర్తు' మందుల షాపు, ఇప్పుడు చిన్న మ్యూజియం. ఈ ట్రిప్పులో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. తదేఉష్ పాంకియెవిచ్ అనే పోలిష్ ఫార్మసిస్టు షాపు మూసేసి పోకుండా గెట్టోలోనే ఉండిపోయాడు. ముసలివాళ్ళు పనికి పనికొచ్చే వయసువాళ్ళలా కనబడాలని జుట్టుకి రంగు, సోదాలప్పుడు దాక్కున్న పిల్లలు ఏడవకుండా నిద్రమందు ఇచ్చేవాడట. చెక్క సొరుగులు మనమే లాగి చూడొచ్చు, ఒక్కో దాంట్లో కాగితాలు, ఫొటోలు. టికెట్ షిండ్లర్ మ్యూజియం కంటే చవక, జనం తక్కువ. గంట ఉంచుకోండి. అక్కడి నుంచి ల్వోవ్స్కా వీధిలో మిగిలిన గెట్టో గోడ ముక్క నాలుగడుగులే. గోడ పైభాగం సమాధి రాళ్ళ ఆకారంలో ఉంటుంది.

బస గురించి. నేను కజీమ్యెష్‌లో ప్లాట్స్ నోవి పక్కన గది తీసుకున్నాను. ఆ చౌక్‌లో జాపియెకాంక (పొడుగాటి బ్రెడ్డు మీద పుట్టగొడుగులు, చీజ్ వేసి కాలుస్తారు, శాకాహారులకి హాయి) అద్భుతం, కానీ కింద బార్లు రాత్రి రెండు దాటినా మూయలేదు. గదిలో హీటర్ పనిచేయలేదు, ఫోన్ చేస్తే 'రేపు చూస్తాం' అన్నారు. మళ్ళీ వెళ్తే పోద్గూజెలోనే దిగుతాను.

ఆదివారం రెము తెరిచారు. మగవాళ్ళు తల కప్పుకోవాలి, టోపీ అక్కడే ఇస్తారు. 1572లో పోయిన రబ్బీ (యూదు మతగురువు) మోషె ఇస్సెర్లెస్ సమాధి మీద గులకరాళ్ళు, మడిచి పెట్టిన చీటీలు. పక్కనే, యుద్ధంలో విరిగిపోయిన సమాధి రాళ్ళ ముక్కల్ని అతికించి కట్టిన గోడ. ఒక ముక్క మీద ఆశీర్వదించే రెండు అరచేతులు, మణికట్ల కింద ఏమీ లేదు. ఆ గోడ ముందు చాలాసేపు ఉండిపోయాను.

షిండ్లర్ ఫ్యాక్టరీ టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనండి, అక్కడికెళ్ళి కొందామంటే దొరకడం కష్టం. 'షిండ్లర్స్ లిస్ట్' సినిమా గుర్తొస్తుందని వెళ్తే నిరాశే, ఇది అసలు 1939–45 మధ్య నగరం కథ. షిండ్లర్ ఆఫీసు, ఎనామిల్ గిన్నెలు కొంచెం మాత్రమే. విషయం గొప్పగా ఉంది గానీ ఇరుకు గదుల్లో గుంపులు తోసుకుంటుంటే చదవడం కుదరలేదు. ఒక గదిలో నేలంతా స్వస్తిక పలకలు. గడప మీద పసుపు కుంకుమలతో చూసే గుర్తు కదా, అక్కడ అడుగు ఎక్కడ వెయ్యాలో తెలియలేదు.

సాయంత్రం నాజీల నిర్బంధ క్యాంపు ఉండిన ప్వాషూఫ్ స్థలానికి నడిచాను. రెండు యూదు శ్మశానాల మీద కట్టిన క్యాంపు అది. ఇప్పుడు గడ్డి, బోర్డులు, కుక్కల్ని తిప్పుకునే ఊరివాళ్ళు. చివర గుట్ట మీద 1964 నాటి స్మారకం, తలలు వంచుకున్న ఐదు భారీ రాతి మనుషులు, గుండెల మీదుగా అడ్డంగా ఒకే చీలిక. దారిలో షాపులేవీ కనబడలేదు, నీళ్ళు తీసుకెళ్ళండి, చీకటి పడకముందే ట్రామ్ దగ్గరికి వచ్చేయండి.